గుడ్డు సున్నం, పెరుగు సున్నం

ఆగండి, ఆగండి! ఒక్క నిమిషం ఎక్కడున్నవాళ్ళు అక్కడే నిలబడి చెవి ఇటు పెట్టండి. గర్ర్... గర్ర్... అని బరువుగా ఏదో దొర్లుతున్న శబ్దం వినిపిస్తోందా? అది తొండియార్‌పేటలో చెంగమ్మ డంగు. గుండ్రటి రాతికాలువ, అందులో తిరిగే రాతిచక్రం, దాన్ని లాగే ఒంటి ఎద్దు, ఎద్దు వెనకాల చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని నడిచే చెంగమ్మ. సంవత్సరం పందొమ్మిది వందల యాభై ఐదు, తై నెల, అంటే సంక్రాంతి నెల. హార్బరు వైపు ఓడ కూస్తుంది, వ్యాసర్పాడి వైపు రైలింజను కూస్తుంది, రెండూ కూసి కూసి ఊరుకుంటాయి. డంగు మాత్రం ఊరుకోదు. ఎందుకంటే చెంగమ్మ ఊరుకోదు.

ఆమె చేసేది సున్నం. తమలపాకుకి రాసుకునేదనుకునేరు! గోడకి వేసేది. ఎన్నూరు ఉప్పుటేట్లోంచి గుల్లలు తెప్పించి, బట్టీలో కాల్చి, నీళ్ళు చల్లి పొడిగా విచ్చుకునేలా చేసి, జల్లించి, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసి డంగులో తిప్పి, ఆ తర్వాత పన్నెండు మంది ఆడవాళ్ళు వరసగా బండల ముందు కూర్చుని పచ్చడి నూరినట్టు నూరితే అప్పుడు వస్తుంది అసలు సరుకు, వెన్నలాగా. దాన్ని గోడకి పూసి నున్నటి రాళ్ళతో రుద్దితే గోడ గోడలా ఉండదు. అద్దం! నిలబడి తల దువ్వుకోవచ్చు. మన ఊళ్ళో పాత బంగళాల స్తంభాలు చూసి పాలరాయి అనుకుని జనం మోసపోతారే, అదంతా ఈ గుల్లసున్నం మహిమే.

ఈ చివరి పూతలోనే ఉంది కిటుకు. మసీదులో ఇమాము నిలబడే గూడుకి, దర్గా గుమ్మటానికి, చర్చి గోడకి వేసే సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన కలుపుతుంది చెంగమ్మ. గుడి గోడకి గుడ్డు ఎలా వేస్తాం? అందుకని గట్టి పెరుగు, కాస్త నెయ్యి. ఆమె మామ నేర్పాడు, మామకి వాళ్ళ నాయన నేర్పాడు. మూడు తరాలుగా ఆ పేటలో ఏ దేవుడి గోడ తెల్లగా మెరిసినా ఆ మెరుపు ఈ డంగులోంచి వచ్చిందే. ఆ సంగతి ఎవరైనా మరిచిపోతారేమోనని చెంగమ్మే రోజుకోసారి గుర్తు చేస్తూ ఉంటుంది.

"ఈ పేటలో ఏ సామికి మొక్కినా ముందు నాకు మొక్కినట్టే లెక్క! కళ్ళు మూసుకుని గోడ తాకతా. ఏ ఏడు సున్నమో, ఏ ఎద్దు తిప్పిందో చెప్తా!"

ఆ తై నెలలో రెండు పనులు ఒకేసారి మీద పడ్డాయి. ఒకటి వేణుగోపాలసామి గుడి ముఖమండపం గోడ. బుధవారం పొద్దున కుంభాభిషేకం. రెండోది అక్కడికి అరమైలు దూరంలో హార్బరు కూలీలు కట్టుకున్న చిన్న మాతా చర్చి, లోపల పీఠం వెనక గోడ. వచ్చే వారం పండగ. గుడి వీధుల్లో ఇంటికో గిన్నె పెరుగు పోశారు. చర్చి వాళ్ళు ఇంటికో గుడ్డు తెచ్చి ఇచ్చారు. నూటనలభై ఇళ్ళు, నూటనలభై గుడ్లు. కొందరు పిల్లలు గుడ్డు మీద తమ పేరు బొగ్గుతో రాసి మరీ తెచ్చారు, మాత చూస్తుందని!

గుడి ధర్మకర్త యతిరాజులు నాయుడు. కలప డిపో యజమాని, కొత్త సరుకు ఏదొచ్చినా ముందు తను చూడాలనే మనిషి. ఆయన చెంగమ్మతో ఒక మాట అన్నాడు. "చెంగమ్మా, అందరూ సిమెంటు సిమెంటు అంటా ఉండారు. ఈ మండపం గోడ అద్దంమాదిరి వస్తే గోపురం అంతా నీకే. రెండేండ్ల పని. రాలేదనుకో, గోపురానికి సిమెంటే."

రెండేళ్ళ పని! పన్నెండు మంది ఆడవాళ్ళకి రెండేళ్ళు పొయ్యి వెలగడం అన్నమాట. అప్పటికే ఊళ్ళో డంగులు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. ఈ గోపురం చెయ్యి జారితే చెంగమ్మ ఎద్దుని అమ్ముకోవాల్సిందే. ఆమె మాత్రం చెయ్యి అలా ఊపేసింది. "అద్దమా? అద్దం నా గోడని చూసి సిగ్గు పడాల. పో నాయనా, గోపురం ఎక్కను సారం కర్రలు కట్టించుకో పో."

ఇంకో సంగతి చెప్పాలి, ఇది లేకపోతే కథే లేదు. ఆ గుళ్ళో ఒక పాత పద్ధతి ఉంది. కుంభాభిషేకం రోజు కలశాలు పైకెక్కే ముందు, సున్నం ఇచ్చిన మనిషి గర్భగుడి ఎదుట గడప బయట నిలబడి, అందరూ వినేలా మూడుసార్లు "శుద్ధంగా ఇచ్చినా" అని చెప్పాలి. చెబితేనే కలశం కదులుతుంది. చెంగమ్మ మామ చెప్పాడు. ఈసారి చెంగమ్మ వంతు. ఒక ఆడమనిషి ఆ గడప దగ్గర నిలబడి ఆ మాట చెప్పడం అదే మొదటిసారి. ఆమె నెల రోజులుగా ఎద్దుకి చెప్పి చెప్పి సాధన చేస్తోంది.

శుక్రవారం పొద్దున చివరి పూత సున్నం రెండు జాడీల్లో సిద్ధమైంది, గుడికి పెరుగుది, చర్చికి గుడ్డుది. చెంగమ్మకి చదువు రాదు, అందుకని ఆమె గుర్తు ఒకటే. గుడి జాడీ మెడకి పసుపు పూస్తుంది, చర్చి జాడీ బోసిగా వదిలేస్తుంది. పసుపు పూసి, తలంటుకుని, గుళ్ళో కొబ్బరికాయ కొట్టడానికి ముందుగా వెళ్ళిపోయింది. బండి తోలే అమ్మాసికి చెప్పే వెళ్ళింది: "పసుపు జాడీ గుడికి, బోసిది చర్చికి. మార్చినావంటే తోలు ఒలుస్తా." అమ్మాసి మార్చలేదు పాపం. అతను వచ్చేసరికి రెండు జాడీలకీ పసుపు ఉంది! బోసి జాడీయే కనపడలేదు. ఎదురుగా ఉన్నదాన్ని గుడికి, మిగిలినదాన్ని చర్చికి ఎత్తుకుపోయాడు.

ఇదేమీ తెలియని చెంగమ్మ శనివారం మధ్యాహ్నం చర్చి గోడ చూడ్డానికి వెళ్ళింది. అక్కడ ఆరోగ్యమేరి ఉంది. డంగులో నూరే పన్నెండు మందిలో మొదటి బండ ఆమెదే, ఇరవై ఏళ్ళ జత. ఆరోగ్యమేరి ఒక పాత పంచె గుడ్డతో గోడ తుడుస్తోంది, పిండుతోంది, మళ్ళీ తుడుస్తోంది.

"ఏందక్కా ఇది, గోడా కొళాయా? నిన్న సాయంత్రం నించి తుడస్తానే ఉండా. ఒకటే చెమట!"

చెంగమ్మ కాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయాయి. కొత్త సున్నం గోడకి చెమట పడుతుంది, అది అందరికీ తెలుసు. కానీ గుడ్డు గోడ ఒక్క పూటలో చెమట ఆపేస్తుంది. మూడు రోజులు చెమటోడేది పెరుగు గోడ. ఆమె దగ్గరికి వచ్చి అరచెయ్యి తిప్పి, వెనకవైపుతో గోడని నిమిరింది. పట్టులా జారింది. గుడ్డు గోడైతే గాజులా ఉండాలి, గుడ్డతో రుద్దితే కిచకిచమనాలి.

"మేరీ," అంది మెల్లగా, "చర్చి జాడీకి పసుపు ఎవురు పూసిరి?"

"నేనే! ఎందుకు?"

"ఎందుకు పూసినావు మే?"

"ఎందుకేంది? కొత్త జాడీ, శుక్రవారం, మాత దగ్గరికి పోతా ఉండాది. ముండమోసినదాని మాదిరి బోసిగా పంపిస్తారా ఎవురన్నా? మీ జాడీకి పూసినావు, మా జాడీకి పూయలేదు. నువ్వు మరిచిపోయినావనుకుని రవ్వంత నేనే..." చెబుతూ చెబుతూ ఆరోగ్యమేరి ఆగిపోయింది. చేతిలో గుడ్డ కింద పడింది. "అయ్యో మాతా! అక్కా, మా గుడ్లు?"

"మీ గుడ్లు వేణుగోపాలసామి గోడ మీద ఉండాయి."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు నవ్వొచ్చింది ఆరోగ్యమేరికే, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత ఏడుపొచ్చింది. ఆ తర్వాత చెంగమ్మ చేతులు రెండూ పట్టుకుని బతిమాలింది.

"అక్కా, విను. తెల్లది తెల్లగానే ఉండాది. నాకు తెలుసు, నీకు తెలుసు. మూడో మనిషికి తెలిసే పనే లేదు. సుమ్మా, మాట్లాడకుండా ఉండు. పన్నెండు కొంపలక్కా!"

చెంగమ్మ చేతులు విడిపించుకుని గుడికి నడిచింది. అరమైలు దూరం అరగడియలో. వెళ్ళి చూస్తే, ఏం చెప్పమంటారు, ముఖమండపం గోడ ధగధగా మెరిసిపోతోంది! అలాంటి మెరుపు ఆ గుడి పుట్టాక ఎప్పుడూ రాలేదు. జనం గుంపులుగా వచ్చి మొహాలు చూసుకుంటున్నారు. యతిరాజులు నాయుడి తల్లి రాజలక్ష్మమ్మ గోడకి ఎదురుగా నిలబడి నామం సరిగ్గా ఉందో లేదో సర్దుకుంటోంది. ఆ రాజలక్ష్మమ్మ ఎవరనుకున్నారు? వీధి కొళాయి నీళ్ళు ముట్టదు, బావి నీళ్ళే. గుడ్డు అనే మాటే నోటితో పలకదు, "అది" అంటుంది. "అది తినే వాళ్ళింటి గాలి ఇటు కొడతా ఉండాది, కిటికీ మూయండి" అనే రకం!

చెంగమ్మ నేరుగా యతిరాజులు నాయుడిని పక్కకి పిలిచింది. దాపరికం ఆమె వల్ల కాదు, సున్నం దాస్తే పొంగుతుంది కదా, ఆమె కూడా అంతే. జరిగింది జరిగినట్టు చెప్పేసింది.

నాయుడికి చెమటలు పట్టాయి, చర్చి గోడలాగే. "ఎవురెవురికి తెలుసు?"

"నాకు, మేరీకి. ఇప్పుడు నీకు."

"గీకేసి మళ్ళీ వేస్తే?"

"నూరను మూడు దినాలు, చెమట ఆరను మూడు దినాలు. బుధవారానికి ఇటిక గోడే మిగులుతాది నాయనా."

నాయుడు అటూ ఇటూ చూశాడు. తల్లి వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. "అట్లయితే నోరు మూసుకో. బుధవారం వచ్చి గడప కాడ మూడుసార్లు ఆ మాట చెప్పేసి పో. గోపురం పని నీదే. గురువారం నించే డంగు తిప్పుకో. చెప్పినావంటే మాత్రం నేను నిన్ను కాయలేను. సిమెంటు బండి మరునాడే వస్తాది."

అదీ సంగతి. మూడు మాటలు చెబితే రెండేళ్ళ పని. చెప్పకపోతే డంగు ఆగిపోతుంది.

ఆదివారం, సోమవారం, మంగళవారం డంగు తిరిగింది, నూరే వాళ్ళు నూరారు. చెంగమ్మ మామూలుగానే అరిచింది, మామూలుగానే గొప్పలు చెప్పుకుంది. ఒక్కటే తేడా. ఎద్దుకి "శుద్ధంగా ఇచ్చినా" అని చెప్పడం మానేసింది. ఆరోగ్యమేరి అది గమనించి మంగళవారం అడిగేసింది.

"అక్కా, చెప్పవా ఏంది?"

"నేను కళ్ళు మూసుకుని తాకి చెప్పగలనని ఊరంతా చాటుకున్నా కదా మే," అంది చెంగమ్మ, బండ మీద సున్నాన్ని వేళ్ళ మధ్య నలిపి చూస్తూ. "రేపు ఆ గడప కాడ నిలబడి, తాకి తెలుసుకున్నది తెలియనట్టు చెప్తే, ఆ మాట చెప్పినాక ఈ చేత్తో మళ్ళీ సున్నం ఎట్ల ముట్టేది?"

"పన్నెండు కొంపలు..."

"తెలుసు. లెక్క నాకూ వస్తాది."

బుధవారం పొద్దున. మేళం, నాదస్వరం, ఆ జనం, ఆ మామిడాకులు! చెంగమ్మ ఎర్ర చీర కట్టుకుని గడప బయట నిలబడింది. వెనక పదకొండు మంది ఆడవాళ్ళు. పన్నెండో మనిషి ఆరోగ్యమేరి గేటు బయట, ఎవరేమంటారో అని గొడుగు కింద. మేళం ఆగింది. అర్చకుడు తల ఊపాడు. యతిరాజులు నాయుడు కళ్ళతోనే బతిమాలాడు.

చెంగమ్మ గొంతు సవరించుకుంది. డంగు దగ్గర ఎద్దుని అదిలించే గొంతు అది, వీధి చివరిదాకా వినపడుతుంది.

"మూడుసార్లు చెప్పాల్సింది నేను ఒక్కసారే చెప్తా, బాగా వినండి. నేను శుద్ధంగానే నూరినా. కానీ ఈ గోడకి ఎక్కింది మన జాడీ కాదు, మాతా చర్చి జాడీ. రెండింటికీ పసుపు ఉండె, బండిలో మారిపోయె. దీంట్లో పెరుగు లేదు, గుడ్డు ఉండాది. తప్పు నాది. జాడీలు పంపే దినం నేను జాడీల కాడ ఉండాల్సింది, ఈడికి వచ్చి టెంకాయ కొట్టుకుంటా ఉంటి. శుద్ధమా కాదా అనేది ఇప్పుడు మీరే చెప్పండి."

ఒక్కసారిగా గోల! గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్ళు నిప్పు తగిలినట్టు ఎగిరి దూరంగా జరిగారు. ఎవరో "గీకేయండి" అన్నారు, ఎవరో "కలశం దించేయండి" అన్నారు. నాయుడు ఎర్రబడిపోయి చెయ్యెత్తి ఏదో అనబోతుండగా రాజలక్ష్మమ్మ ముందుకి వచ్చింది. ఆమె వస్తుంటే జనం నోళ్ళు మూతపడ్డాయి. అయిపోయింది చెంగమ్మ పని అనుకున్నారందరూ.

"ఎన్ని?" అంది రాజలక్ష్మమ్మ.

"ఏంది పెద్దమ్మా?"

"గుడ్లే! ఎన్ని గుడ్లు?"

అబ్బా! ఆ మాట ఆ నోట్లోంచి రావడం ఆ వీధిలో ఎవరూ ఎప్పుడూ వినలేదు. కొడుక్కి కూడా నోరు తెరుచుకుపోయింది.

"నూటనలభై. ఇంటికొకటి. హార్బరు కూలోళ్ళు మాత కోసమని ఇచ్చిరి."

"మన పెరుగు యాడుండాది?"

"మాత ఎనకాల గోడ మీద ఉండాది పెద్దమ్మా. మూడు దినాలు చెమటోడి ఆరింది."

రాజలక్ష్మమ్మ ఆ మెరిసే గోడ వైపు కాసేపు చూసింది. అందులో ఆమె నామం, ఆమె తెల్లజుట్టు, వెనకాల జనం అందరూ కనిపిస్తున్నారు. "ఒక సంగతి అడగతా, నిజం చెప్పు. ఇంతకు ముందు గోడకి, అంతకు ముందు గోడకి, మా అత్త కాలం నించి పూసిన సున్నం దేన్ని కాల్చి చేస్తారే?"

"గుల్లల్ని. ఎన్నూరు ఏటి గుల్లలు."

"గుల్ల లోపల ఏముంటాది?"

ఇది చెబితే గోడ ఒక్కటే కాదు, గుడి మొత్తం మైల అంటారేమో అనుకుంది చెంగమ్మ. కానీ అడిగింది నిజం. "పురుగు ఉంటాది పెద్దమ్మా. దాని ఇల్లే గుల్ల. అది చచ్చినాకే మన చేతికొస్తాది. గుడికైనా, మసీదుకైనా, చర్చికైనా సున్నం అంటే అదే. వేరే సున్నం నాకు తెలవదు."

రాజలక్ష్మమ్మ చీర చెంగు నడుముకి దోపుకుంది, అంతే.

నాయుడికి మాత్రం కోపం ఆగలేదు. చెప్పొద్దన్న మాట చెప్పింది, ఇంతమంది ముందర పరువు తీసింది. ఆయన జనం వైపు తిరిగాడు. "విన్నారు కదప్పా! ఈమెకి నేను గోపురం ఇస్తానని మాటిచ్చినా. ఇప్పుడు నేనొక్కడినే తీర్పు చెప్తే బాగుండదు. ఎలక్షన్లు వచ్చినాయి, అందరూ ఓటేసినోళ్ళే కదా! కలశం ఎక్కాల, గోపురం ఈమె చేతికియ్యాల అనేవాళ్ళు చేతులెత్తండి. చూస్తాం!"

ఒక్క చెయ్యీ లేవదని ఆయన ధీమా. మొదట లేవలేదు కూడా. చెంగమ్మ తల దించలేదు. ఆ గోడలో తన మొహం తనే చూసుకుంటూ నిలబడింది. గోడలోనే ఆమెకి కనిపించింది, వెనకాల ఒక చెయ్యి పైకి లేవడం. ముడతలు పడ్డ చెయ్యి, బావినీళ్ళతో ఇంకా తడిగా ఉన్న చెయ్యి. రాజలక్ష్మమ్మది.

"అమ్మా!" అన్నాడు నాయుడు.

"ఏం రా? నాకు ఓటు లేదా?"

జనంలో వెనకనుంచి బండి అమ్మాసి చెయ్యెత్తాడు. పదకొండు మంది ఆడవాళ్ళవీ ఒక్కసారే లేచాయి. గేటు బయట గొడుగు పక్కకి పడింది, ఆరోగ్యమేరి రెండు చేతులూ ఎత్తేసింది.

"ఏయ్, నువ్వు చర్చిదానివి, నీకేంది ఓటు?" అని ఎవరో కసిరారు.

"నా ఇంటి గుడ్డు ఆ గోడలో ఉండాది! నాకు లేని ఓటు నీకెట్ల వచ్చింది?"

ఘొల్లున నవ్వులు. నవ్విన వాళ్ళలో కొందరు చేతులెత్తారు. నవ్వని వాళ్ళు చేతులు కట్టుకుని అలాగే నిలబడ్డారు, వాళ్ళూ తక్కువేమీ లేరు. నాయుడు వేలు చూపించి ఒక్కొక్కటే లెక్కపెడుతున్నాడు, ఇటు సగం, అటు సగం. అర్చకుడు కలశం మీద చెయ్యి వేసి ఎదురు చూస్తున్నాడు. చెంగమ్మ ఇంకా గోడ వైపే చూస్తోంది, ఎన్ని చేతులు లేస్తే అన్నీ అందులో కనపడతాయి. నాయుడి వేలు ఒక్కో వరస దాటి దాటి, ఇదిగో, మీరు నిలబడ్డ వరస దగ్గరికి వచ్చి ఆగింది.

మీరైతే చెయ్యెత్తుతారా?